ముందు అంటే ఎదర

బెన్హర్ కష్టపడి సాధించిన మొదటి విజయం, ఆగస్టు వరదలో ఊరవతలి గెడ్డను పికప్ బండితో దాటడం. అది మూడో ప్రయత్నంలో జరిగింది. మొదటిసారి ఇంజను మునిగింది. రెండోసారి బెన్హర్ మునిగాడు. మూడోసారి బండి అవతలి గట్టు ఎక్కింది. అక్కడ ఎవరికీ ఏ పనీ లేదు కనుక మళ్ళీ ఇవతలికి వచ్చింది. ఆ లెక్కన రెండుసార్లు దాటినట్టే. గెడ్డ పొంగులో ఉండగా నాలుగు చక్రాల మీద దాటినవాడు కోటబొమ్మాళి చుట్టుపక్కల అంతకు ముందు లేడు, ఆ తర్వాతా లేడు.

ఇతర విజయాలూ ఉన్నాయి. పదో తరగతి రెండోసారికే పాసయ్యాడు. ఆ ఇంట్లో అంత బేగి పాసయినవాళ్ళు లేరు. బాప్టిస్టు చర్చి వాక్య పోటీలో నూట పంతొమ్మిదో కీర్తన తొంభై వచనాల దాకా తడుముకోకుండా అప్పజెప్పాడు. తొంభై ఒకటో వచనం దగ్గర తుమ్ము వచ్చింది. లేకపోతే మొదటి బహుమతి ఎవరికి వచ్చేదో అందరికీ తెలుసు. ట్రాక్టరు ట్రాలీల కమాను కట్టలు, అంటే ఇనప ఆకుల స్ప్రింగులు, బిగించడంలో టెక్కలి నుంచి నరసన్నపేట దాకా అతని చేతి కిందికి రాని ట్రాలీ లేదు. ఉన్నా ఒకటో రెండో.

ఆ పికప్ అతని తండ్రి అప్పారావుది. నాలుగు చక్రాలూ లాగే పాతకాలపు బండి. అప్పారావు దాన్ని మిషను ఆసుపత్రికి ఇరవై రెండేళ్ళు తోలాడు. ఆసుపత్రి మూతపడినప్పుడు బండిని ఆయనకే ఇచ్చేశారు. ఆయన పోయాక అది బెన్హర్‌కి వచ్చింది. గెడ్డ దాటాలంటే ఎత్తు కావాలని, బెన్హర్ కమాను కట్టలకు రెండేసి ఆకులు కలిపి, కట్టల చివర వేలాడే షాకిళ్ళను పొడవు చేసి, బండిని ఆరంగుళాలు పైకి లేపాడు. పెద్ద టైర్లు వేశాడు. దూరం నుంచి చూస్తే బండి కాళ్ళ మీద లేచి నిలబడ్డట్టు ఉండేది.

నీళ్ళలో అది తిన్నగా పోయేది. రోడ్డు మీద పోయేది కాదు.

నలభై దాటితే చాలు, ఎడమకి పోవాలా కుడికి పోవాలా అని తనలో తనే ఆలోచించుకునేది. చిన్న గతుకు తగిలితే స్టీరింగు చేతిలోంచి గుంజుకునేది. బెన్హర్ భార్య లీలారాణి అంగన్‌వాడీ టీచరు, చిన్నపిల్లలతో వేగినమ్మాయి, ఓర్పుగలది. చర్చికి వెళ్తున్న ఒక ఆదివారం ఆ ఓర్పు రైల్వే గేటు దగ్గర అయిపోయింది.

"బావా, ఆపు. నాను దిగిపోతాను."

"ఇంకా రెండు కిలోమీటర్లేనే."

"రోడ్డుకి ఈ పక్కకోమాటు, ఆ పక్కకోమాటు పోతన్నావు. అలాగైతే నాలుగు కిలోమీటర్లు. ఆపు."

ఆమె దిగి ఆటో ఎక్కింది. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం చర్చికి బెన్హర్ పికప్‌లో, లీలారాణి ఆటోలో వెళ్ళేవారు. ఆటో ముందు చేరేది. ఇలా రెండేళ్ళు గడిచాక ఆమె ఒక మాట చెప్పింది.

"ఈ జులై ఆకరికి ఇది తిన్నగా నడవాల. లేపోతే ఇనపకొట్టోడికి నానే ఫోన్ సేస్తాను. ముక్కలు సేసి అట్టుకుపోతాడు."

అదే వారం శ్రీకాకుళం నుంచి డాక్టర్ జగదీశ్వరి గారు వచ్చారు. సీతంపేట పైన కొండ ఊళ్ళలో వానాకాలం వైద్య శిబిరం పెడుతున్నారు. నలభై అయిదు రోజులు. దారిలో మూడు గెడ్డలు. మామూలు బండ్లు మొదటి గెడ్డ దగ్గరే ఆగిపోతాయి. గెడ్డ దాటిన బండి ఒకటి ఇక్కడ ఉందని ఎవరో ఆవిడకు చెప్పారు. తోలడానికి బెన్హర్‌నే తీసుకుంటామన్నారు. నాన్న తోలిన బండి మళ్ళీ మందులు మోస్తుంది. లేదా నెలాఖరుకి ఇనపకొట్టుకి పోతుంది. మధ్యలో మరో దారి లేదు.

"కొండ ఎక్కే ముందు హైవే మీద చాలా దూరం పోవాలి కదా. ఒకసారి కూర్చుని చూస్తాను," అన్నారు డాక్టరమ్మ.

ఆవిడ వాళ్ళ నాన్నగారు వీణ నేర్పేవారు. ఆ ఇంట్లో పుట్టినందుకు ఆవిడకో అలవాటు ఉంది. ఏ బండి ఎక్కినా ఒళ్ళో చెయ్యి పెట్టుకుని ఆది తాళం వేస్తూ, లోపల్లోపల పాడుకుంటారు. పికప్ హైవే ఎక్కింది. తాళంలో మొదటి దెబ్బ పడింది. చిటికెన వేలు, ఉంగరం వేలు లెక్కకు వచ్చాయి. మధ్య వేలు రావలసిన చోట చెయ్యి వెళ్ళి డ్యాష్‌బోర్డును పట్టుకుంది. మళ్ళీ ఒళ్ళోకి రాలేదు.

దిగాక ఆవిడ చీర సర్దుకున్నారు. "ముప్పై ఒకటో తారీకున ఇంకోసారి వస్తాను బెన్హర్ గారూ. అప్పుడూ ఇలాగే ఉంటే విశాఖ నుంచి జీపు తెప్పించుకుంటాం. ఏమీ అనుకోకండి."

"ఏటీ అనుకోనండి," అన్నాడు బెన్హర్. చాలా అనుకున్నాడు.

మర్నాడే శ్రీకాకుళం వెళ్ళి ఉమాశంకర్ గారిని కలిశాడు. ఆయన చీపురుపల్లి దగ్గర పుట్టి, విశాఖలో ముప్పై ఏళ్ళు లేత్ మిషను మీద పనిచేసి, ఇప్పుడు శ్రీకాకుళంలో సొంత షెడ్డు పెట్టుకున్నారు. విశాఖలో ఉండగా ఆయన మాట కూడా లేత్ మీద పెట్టి నునుపు చేసినట్టయింది. కొలత తప్పని మనిషి. బెన్హర్ చెప్పిందంతా విని, గోడకు ఆనించిన సైకిలు చూపించారు.

"ముందు ఫోర్కు చూశావా? ఏటవాలుగా ఉంది. అందుకే చేతులు వదిలేసినా సైకిలు తిన్నగా పోతుంది. నీ బండికీ ఆ వాలు ఉండేది. నువ్వు షాకిళ్ళు పొడవు చేసేసరికి ముందు యాక్సిల్ బోర్లా తిరిగి, ఆ వాలు పోయింది. దాన్ని మళ్ళీ వెనక్కి వాల్చాలి."

"ఎలాగండి?"

"యాక్సిల్‌కీ దాని కింద ఉన్న కమాను కట్టకీ మధ్య వెడ్జి పెట్టాలి. ఒక అంచు మందం, ఒక అంచు పల్చన. కోసి బస్సులో పంపిస్తాను."

వెడ్జీలు మూడో రోజున బస్సు కండక్టరు చేతికి వచ్చాయి. రెండు జతలు. ఎంత వాలు చాలుతుందో తెలియక ఉమాశంకర్ గారు ఒక జత లావుగా, ఒక జత సన్నంగా కోశారు. బెన్హర్ బండి కింద పడుకుని ఫోన్ చేశాడు.

"అందినాయండి. ఎలా ఎట్టమంటారు?"

"మందం ముందు పెట్టు."

"పల్చనిదో?"

"పల్చనిది వెనకే కదరా వస్తుంది!"

బెన్హర్ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. మందం జత ముందు పెట్టాడు. దాని వెనక పల్చని జత తెచ్చి దాని మీదే పెట్టాడు. అంచు ఎటు తిరగాలో ఎవరూ చెప్పలేదు కనుక మందమైన అంచు వెనక్కి తిప్పాడు. అలా అయితే బోల్టు సుళువుగా దిగింది. నాలుగు యూబోల్టులూ బిగించి, ప్రార్థన చేసి, బండి తీశాడు.

పోయిన వాలు రాలేదు. ఉన్న కాస్తా పోయింది. ముప్పై దాటగానే ముందు చక్రాలు రెండూ దడదడలాడాయి. స్టీరింగు పూనకం వచ్చినట్టు ఊగింది. బెన్హర్ గట్టిగా బ్రేకు వేశాడు. బండి ఆగింది. ఆగేసరికి రోడ్డు పక్కన, పిన్ని వరసైన దేముడమ్మ నారుమడిలో ఉంది.

దేముడమ్మ గట్టు మీదే ఉంది. "ఒరే బెన్హరూ, నారు రేపు తీస్తానన్నాను గానీ నిన్ను రమ్మన్నానేటిరా?"

"బ్రేకేసినాను పిన్నీ."

"ఏసినావు. నా మడిలో ఏసినావు. రోడ్డు మీద ఎయ్యడానికి నీకేటి రోగం?"

మిగిలిన నారుతో బెన్హర్ ఆమె పొలంలో రెండు రోజులు వరి నాట్లు ఊడ్చాడు. మగవాళ్ళు ఊడ్చడం ఆ ఊళ్ళో లేదు. అతను ఊడ్చాడు. సాయంత్రం దేముడమ్మ గట్టు మీద నిలబడి వరసలు చూసింది.

"బండి తిన్నగా రాదు గానీ నీ సేతి వరస తిన్నగా వస్తాదిరా," అంది. ఇదీ విజయాల్లోకే వస్తుంది.

అప్పటికి ఇరవై ఆరో తారీకు. ఫోన్లో తీసిన ఫోటోతో, ఊడదీసిన వెడ్జీల సంచితో బెన్హర్ మళ్ళీ శ్రీకాకుళం బస్సెక్కాడు. ఉమాశంకర్ గారు ఫోటో చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశారు.

"ఇదేమిటి?"

"మీరు సెప్పిందేనండి."

"నేనేం చెప్పాను?"

"మందం ముందెట్టమన్నారు. మందంవి ముందెట్టినాను. పల్చనివి ఎనక ఎట్టినాను."

"ముందంటే మొదట కాదురా! ముందువైపు! మందమైన అంచు బండి ముందువైపు రావాలి! ఒక్క జతే పెట్టాలి!"

బెన్హర్ చెయ్యి చాపి ముందువైపు చూపించాడు. "ఎదరా?"

"ఆఁ."

"మరెదర అనీసి సెప్తే అయిపోను కదండీ. ముందంటే మొదలూ అవతాది, ఎదరా అవతాది. ఎదరంటే ఎదరే. మా గేదెక్కూడా తెలుస్తాది."

ఉమాశంకర్ గారు ఫోన్ తిరిగి చేతికిచ్చేశారు.

"సీపురుపల్లిలో పుట్టినోరికి ఆ మాట రాదేటండి?" అన్నాడు బెన్హర్. వెటకారానికి కాదు, తెలుసుకుందామనే.

విశాఖలో ముప్పై ఏళ్ళలో ఆయన ఆ మాట ఒక్కసారి కూడా వాడలేదు. షెడ్డులో ఫ్యాను తిరుగుతోంది. ఆయన లేచి, సుద్దముక్క తీసి, బెన్హర్ సంచిలోంచి మందం జత బయటికి లాగి, రెండింటికీ లావు అంచు మీద పెద్ద అక్షరాలతో 'ఎదర' అని రాశారు.

"ఒరే, బేగెల్లు. ఇంకా అయిదు రోజులే ఉన్నాయి," అన్నారు. ఆయన నోట 'బేగి' వినడం షెడ్డులో వాళ్ళకు అదే మొదలు.

బెన్హర్ మందం జతను అక్షరాలు ఎదరకి వచ్చేలా బిగించాడు. స్టీరింగు పెట్టె నుంచి చక్రానికి పోయే రాడ్డు, బండి ఎత్తినప్పటి నుంచి నిచ్చెనలా ఏటవాలుగా వేలాడుతోంది. గతుకు తగిలినప్పుడల్లా చక్రాన్ని గుంజేది అదే. ఉమాశంకర్ గారు ఇచ్చిన కిందికి వంగిన ఇనప చెయ్యిని స్టీరింగు పెట్టెకు బిగించి, ఆ రాడ్డును మట్టానికి తెచ్చాడు. టైర్లలో గాలి రాయిలా ఉంటే ఆరు పాయింట్లు తగ్గించాడు. ఆదివారం చర్చికి బండి తీసి, రైల్వే గేటు దగ్గర అలవాటుగా ఆపాడు.

"ఎందుకాపినావు?" అంది లీలారాణి.

"దిగుతావేమోననీసి."

"పోనీ. సూస్తాను."

ఆమె దిగలేదు. చర్చిలో ఎవరితోనూ ఏమీ చెప్పలేదు కూడా. తిరుగు దారిలో నిద్రపోయింది.

ముప్పై ఒకటో తారీకు ఉదయం డాక్టరమ్మ వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు. కోటబొమ్మాళి జంక్షను దాటగానే దెబ్బ పడింది. బెన్హర్ రోడ్డు చూడవలసింది పోయి, ఆ చేతినే చూస్తున్నాడు.

"ఎదర చూడండి బెన్హర్ గారూ," అన్నారు ఆవిడ.

అతను ఎదర చూశాడు. యాభై. యాభై అయిదు. చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. అరవై దగ్గర పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోయింది. దాని గాలికి పికప్ కొంచెం పక్కకి ఒరిగింది. బెన్హర్ స్టీరింగును రెండు వేళ్ళతో పట్టుకుని, గుంజకుండా ఊరుకున్నాడు. బండి తనంతట తానే దారికి వచ్చింది. దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మళ్ళీ మొదటి దెబ్బ. నరసన్నపేట దాకా అలాగే సాగింది. అక్కడ ఆవిడ చెయ్యి ఆపారు.

"రెండు కీర్తనలు అయ్యాయి," అన్నారు. "మందుల పెట్టెలు ఎన్ని పడతాయి?"

"పద్దెనిమిదండి. సదిరితే ఇరవై."

"సర్దండి."

ఆగస్టు పద్నాలుగున ఇరవై పెట్టెలతో బండి బయలుదేరింది. లీలారాణి అటుకుల మూట, రెండు దుప్పట్లు, ఒక టార్చిలైటు సర్దింది. ఇనపకొట్టు నంబరు ఫోన్లోంచి తీసేసింది. దేముడమ్మ వచ్చి, కొండ మీద నారుమళ్ళు లేవు కాబట్టి భయం లేదంది.

"అదిగో, నోరు మూస్తావేటి పిన్నీ," అంది లీలారాణి. తర్వాత బెన్హర్ వైపు తిరిగింది. "రోజూ సిగ్నలున్న కాడికొచ్చి ఫోన్ సెయ్యి బావా. అబద్దాలు సెప్పకు."

ఇప్పటికి నాలుగు ఫోన్లు వచ్చాయి. మూడు గెడ్డలూ దాటారు. ఒక్కోదాన్నీ మూడుసార్లు దాటారు. ఒక బాలింతను కిందికి దించి ఆసుపత్రిలో చేర్చి, మళ్ళీ పైకి వెళ్ళారు. హైవే మీద ఆ బాలింత నిద్రపోయిందని బెన్హర్ ఫోన్లో మూడుసార్లు చెప్పాడు. మూడోసారికి లీలారాణి, ఇదివరకు చెప్పావు అంది. అంగన్‌వాడీలో పిల్లలకు మాత్రం ఆ సంగతి ఆమే రోజూ చెబుతోంది.

శిబిరం ముగిశాక బండితో సహా బెన్హర్ సెప్టెంబరు 28, ఆదివారం సాయంత్రానికి ఇంటికి వస్తాడు.