చీమలు రాని తివాచీ

గచ్చు చల్లదనానికి అక్క కొడుకు సరిగా నిద్రపోవడం లేదని, తివాచీ కింద వేయడానికి నేనొక మెత్త తయారుచేశాను. రెండు గోనెసంచుల మధ్య పత్తి పరిచి, ఉండలు కట్టకుండా గళ్లుగళ్లుగా కుట్టాను. ఉత్త గోనెపట్టా కన్నా ఎంతో మేలని ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. నిన్నటి నుంచి బాబు దాని మీదే పడుకుంటున్నాడు.

ఈ రోజు వాడు తింటున్న బెల్లం ముక్క తివాచీ మీద పడింది. సాయంత్రం వాడు నిద్రలో ఉండగా చూస్తే, దానికి ఒక్క చీమ కూడా పట్టలేదు.

"చూసినవా అక్కా, నా మెత్తంటే చీమలకు గూడ భయమే!" అన్నాను.

అక్క నవ్వలేదు. తివాచీ అంచు ఎత్తింది. కింద బొద్దింకలు వెల్లకిలా పడి ఉన్నాయి, వాటి పక్కనే ఒక బల్లి.

"ఈ సంచులు ఏడికెళ్లి తెచ్చినవ్‌రా?"

"పత్తి కొట్టంలకెళ్లి."

అప్పుడే చేను నుంచి వచ్చిన నాయిన గుమ్మంలోనే ఆగిపోయాడు. "పురుగుల మందు ఒలికితే తుడిచిన సంచులురా అవి! పోరన్ని లేపు, జల్దీ!"

అక్క లేపింది. బాబు కళ్లు తెరిచి మళ్లీ మూసుకున్నాడు.

వాళ్లు జీపులో సత్తుపల్లి దవాఖానాకు వెళ్లారు. చోటు లేక నేను ఉండిపోయాను. ఊరికే కూర్చోలేక, రోజూ ఏదో ఒకటి రాసి మా ఊరి గ్రంథాలయం బోర్డుకు అతికించినట్టే ఇదీ రాస్తున్నాను. మీ ఇంట్లో ఎక్కడైనా చీమలు రావడం మానేస్తే నాలాగా మురిసిపోకండి. ఇది చదివేవాళ్లలో సత్తుపల్లి నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ కబురైనా సరే, మా తలుపు కొట్టి చెప్పండి.