నేను పోసిన నూనె

వరంగల్‌లో ఒక ఐస్ ఫ్యాక్టరీలో ఆపరేటరుగా చేరిన కొత్తలో నాకు బాగా వచ్చిన పని ఒక్కటే. పొద్దున రాగానే కంప్రెసర్‌లో నూనె చూడడం, తగ్గితే పోయడం. రోజూ తగ్గేది, రోజూ పోసేవాణ్ణి. ఆ నూనె ఎటు పోతోందని ఒక్కనాడూ ఆలోచించలేదు. బర్రెకు కుడితి పెట్టినట్టు పెట్టి, మిషన్ బాగా తాగుతోందని మురిసిపోయేవాణ్ణి.

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం ఐస్ సరిగా కట్టడం మానేసింది. ఉప్పునీళ్ల తొట్టిలో ముంచిన నీళ్ల డబ్బాలు పైకి తీస్తే దిమ్మ అంచులు గట్టిగానే ఉండేవి, నడుమ మాత్రం నీళ్లు. గిరాకీ ముమ్మరంగా ఉన్న రోజులు. సేటు నా మీదికి వచ్చాడు.

"మిషన్‌కేం గాలె సేటూ. కాకనే గడ్డ కట్టకముందు డబ్బాలు తీస్తాండు" అన్నాను.

కాక అంటే ఏళ్ల తరబడి ఆ డబ్బాలు తీస్తున్న పెద్దాయన. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా మీద మాట పడకూడదని ఆయన మీద వేశాను.

"నేను టైముకే తీస్తాన బిడ్డా" అని మాత్రం అన్నాడాయన. సేటు ఆ రోజే ఆయన్ను పనిలోంచి తీసేశాడు.

కొత్తగా వచ్చినవాడు రెండు గంటలు ఎక్కువ ఆగి తీసినా నడుమ నీళ్లే. చివరికి హైదరాబాద్ నుంచి ఫిట్టర్ వచ్చాడు. తొట్టిలోని గొట్టాలు చూసి, "వీట్లకెల్లి నూనె ఎప్పుడు తీసినవ్?" అని అడిగాడు.

"తీసుడేంది? పోసుడే గదా" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మిషన్ ఆపించి, ముఖాలకు తడి తువ్వాళ్లు కట్టించి, అడుగున ఉన్న వాల్వు మెల్లగా తిప్పాడు. గొట్టాల్లో తిరిగే అమోనియా గ్యాసు ఘాటుకు కళ్లు మండాయి. నల్లటి చిక్కని నూనె కారి బకెట్ నిండింది, రెండోది పెట్టాల్సి వచ్చింది. అంతా నేను పోసిందే. గ్యాసుతో పాటు కొట్టుకుపోయి గొట్టాల లోపల పేరుకుని, చల్లదనం ఉప్పునీళ్లకు అందకుండా అడ్డుపడిందట. మర్నాడు దిమ్మలు నడుమదాకా గట్టిగా కట్టాయి.

సేటు దగ్గర నా తప్పు ఒప్పుకుని, కాకను మళ్లీ పనిలోకి పిలవడానికి నేనే వాళ్లింటికి వెళ్లాను. నూనె సంగతంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"నూనె ముచ్చట నీకు ఎర్క లేదు, సరే. నేను ముందుగాల తీసుడు నువ్వు సూసినవా?"

"చూడలే కాకా" అన్నాను.

ఆయన మళ్లీ ఫ్యాక్టరీకి రాలేదు.