హైదర్ కత్తిరించిన జాతర పాట

నర్తకి కథతో తీసిన ఆ హిందీ సినిమా మహబూబాబాద్‌కు వచ్చిన మొదటి రోజు, ఆపరేటర్ హైదర్ పన్నెండో రీలు ముందు ఎక్కించి, పదకొండోది తర్వాత ఎక్కించాడు. దాంతో హీరోయిన్ దవాఖానలో కన్నుమూసి, కాసేపటికి గజ్జెలు కట్టుకుని అక్క పెళ్లిలో ఆడింది. హాల్లో ఉన్న ముప్పై ఆరుమందిలో ఎవరూ ఏమీ అనలేదు. ఒక పెద్దాయన మాత్రం, పోతూ పోతూ, కథ కొత్తగా ఉందని మెచ్చుకున్నాడు. హైదర్ ఆయనకు సలాం చేశాడు.

హైదర్‌కు యాభై దాటాయి. ఇరవై ఏడేళ్లుగా ఆ పాత టాకీసులో మిషన్ నడుపుతున్నాడు. ఇన్నేళ్లలో ఒక్క సినిమానైనా కుర్చీలో కూచుని చూసిన పాపాన పోలేదు. చూసిందంతా గోడ కంతలోంచే.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు డిపో దాటడం లేదు. భూపాలపల్లి గనుల్లో బొగ్గు తీసేవాళ్లు లేరు, కరెంటు మూడు గంటలు నిలిస్తే గొప్ప. అలాంటప్పుడు ఆపరేటర్లకు ఒక పద్ధతి ఉంది. ఆట సమయానికి ముగియాలంటే ఒక పాట కత్తిరించి, పాత పేపర్లో చుట్టి పక్కన పెడతారు. రీళ్ల పెట్టె తిరిగి పంపే రోజు మళ్లీ అతికిస్తారు. నర్తకి సినిమాలో ఏ పాట తీసెయ్యాలి? హైదర్ బాగా ఆలోచించి జాతర పాట తీసేశాడు. అందులో హీరోయిన్ కంటే గుంపే ఎక్కువ కనపడుతుంది మరి.

మూడో రోజు మ్యాట్నీ అయిపోయాక ఒక లంబాడామె మెట్లెక్కి మిషన్ గది దాకా వచ్చింది. పేరు సోమ్లీ. మరిపెడ దగ్గరి తండా నుంచి సగం దూరం ఆటోలో, సగం దూరం నడిచి వచ్చింది.

“అన్నా, మా తారి రాలేదేంది బొమ్మల?”

“తారి ఎవలక్కా?”

“నా బిడ్డ. పట్నంల కూలికి పోయింది. గాడ షూటింగోళ్లు తండా పోరిలు గావాలన్నరట. జాతర పాటల రెండు దినాలు ఆడింది. నెత్తి మీద ఎర్ర టుక్రి కప్పుకున్న, ముందు వరసలనే ఉన్న అని ఫోన్ల చెప్పింది. మూడు గంటలు రెప్ప కొట్టలే నేను.”

“ఇప్పుడు యాడుంది బిడ్డ?”

“ఎండకాలంల నాలుగో అంతస్తు మీదికెల్లి పడ్డది.”

హైదర్ నోటికి తోచిన మొదటి అబద్ధం చెప్పాడు. “బొంబాయోళ్లే కోసేసిండ్రేమో అక్కా.”

“కోస్తరా?” అంది సోమ్లీ. నమ్మింది. “రేషన్ కార్డుల ఒక్క ఫోటువ ఉండె. దాని మొకం మీదనే ముద్ర గుద్దిండ్రు. జర మొకం చూసి పోదమని వచ్చిన.”

నాలుగు మెట్లు దిగింది. హైదర్ గది గుమ్మం దాకా వచ్చాడు.

“ఆగక్కా. బొంబాయోళ్లు గాదు. నేనే కోసిన.”

“ఎందుకన్నా?”

“కరెంటుకు.”

సాయంత్రం జీపులో పెట్టె జనగామకు పోవాలి. హైదర్ పేపరు చుట్ట విప్పి, ఆమెను హాల్లోకి పొమ్మని, పాటను మిషన్‌కు ఎక్కించాడు. అన్ని కుర్చీలుండగా ఆమె తెర ముందుకు పోయి నేల మీద కూచుంది. డోళ్లు మోగాయి. గుంపు వచ్చింది. ముందు వరసలో ఎర్ర టుక్రి మెరిసింది.

“తారీ” అన్న పిలుపు పైగది దాకా వినపడింది. అంతే, కరెంటు పోయింది.

జనరేటర్‌లో డీజిల్ లేదు. చీకట్లోంచి సోమ్లీ, “మళ్ల వస్తదా అన్నా?” అని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. కింద జీపు హారన్ కొట్టింది.

హైదర్ రీలును కిటికీ దగ్గరికి తెచ్చి, వెలుగుకు పెట్టి వెతికి, జానెడు ముక్క కత్తిరించాడు. మిగిలిన పాటను మళ్లీ సినిమాలో అతికించి పెట్టె మూశాడు. ఇన్నేళ్లలో ప్రింటులోంచి ఒక్క బొమ్మ దొంగిలించిన మనిషి కాదు.

సోమ్లీ బయటికొచ్చి, అతనిచ్చిన ముక్కను ఆకాశానికి పట్టి చూసింది. గోరంత ముఖం, పదకొండు సార్లు. చెయ్యి లేపుతోంది పిల్ల. పదకొండో బొమ్మలో కూడా ఆ చెయ్యి భుజం దాటలేదు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, నడక సాగించింది.

నాలుగు రోజులకు జనగామ నుంచి ప్రింట్లు పంపే సంజీవ ఫోన్ చేశాడు. “ఏం హైదరూ, జాతర పాట దుంకుతుంది. ముందు వరస పోరి చెయ్యి లేపంగనే మాయమైతుంది. కంపెనీకి ఏం జెప్పాలె? నీ కొలువు తీసేయిస్త చూడు. ఏడ పోయింది గా పోరి?”

“అవ్వతోని తండాకు పోయిందన్నా.”