గోడ మీద దినారు గీత

మా టీచరమ్మ పోయారు. ప్రొద్దుటూరులో నా టైలరింగ్ షాపులో పెళ్లిజాకెట్టు కత్తిరిస్తుండగా మా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. జ్వరమని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. "ఏడ్సుకుంటా కూర్చోవద్దు, బస్సెక్కు. గుడ్డల మీద గీసే నీలం సుద్దముక్క ఒకటి తీసుకోని రా" అంది. ఆ మాటతో మా బడి గోడ కళ్ల ముందుకొచ్చింది.

ఆమెను ఎరగనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. జమ్మలమడుగు నుంచి పొద్దుటి బస్సులో మా ఊరికి వచ్చి సోషల్ పాఠాలు చెప్పేవారు. చంకలో గొడుగు, చేతిలో పేపరు. వానలు పడని ఊరికి గొడుగెందుకు టీచర్ అని మేం నవ్వితే, "ఎండకు పార్టీ లేదమ్మా, అందరినీ కాలుస్తాది" అనేవారు.

మా ఊళ్లో మిగతా అన్నిటికీ పార్టీ ఉండేది. ఎగువ వీధి ఒక పార్టీ, దిగువ వీధి ఇంకో పార్టీ. టీకొట్లు రెండు, పిండిమరలు రెండు. బడి మాత్రం ఒక్కటే, రెండు వీధుల నడుమ. ఎన్నికలొస్తే బాంబులు పడేవి, బడికి తాళం పడేది. మగవాళ్లు ఒకరి వీధిలో ఒకరు కాలు పెట్టేవాళ్లు కాదు. ఇళ్లలో పని చేయడానికి ఆడవాళ్లు మాత్రం రెండు వీధుల నుంచీ కువైట్ పోయేవాళ్లు. మాది ఎగువ వీధి. నేను ఆరో తరగతిలో ఉండగా మా అమ్మా పోయింది. "బోరు ఏపించి చీనీచెట్లు నాటేంత దుడ్లు చేరినాకనే వస్తా" అని చెప్పి పోయింది. చీనీ అంటే మా వైపు బత్తాయి. కువైట్ దినారుకు ఇక్కడ ఒక్క రూపాయి తగ్గిందంటే మా అమ్మ రాక అంత వెనక్కి పోయినట్టే.

అక్కడ వాళ్లు కట్టిన దినార్లకు ఇక్కడ ఇళ్లకు రూపాయలు తెచ్చి ఇచ్చేది ఏజెంటు. పార్టీలో ఆయన ఎగువ వీధి, దినార్లలో రెండు వీధులూ ఆయనవే. పండగ నెల వచ్చిందంటే ఆయనది ఒకటే పాట: "అందరి దినార్లూ ఒకటేసారి వచ్చి పడినాయి అవ్వా, రేటు పడిపాయ." మా అవ్వ, అంటే అమ్మను కన్న తల్లి, తలాడించి ఇచ్చింది తీసుకునేది. వేరుశనక్కాయల మండీలో ఆమె బతుకంతా విన్నమాటే కదా అది. పంట ఇళ్లకు చేరిన నెలలోనే ధర పడుతుంది. దినార్లు కూడా చేలో కాస్తాయన్నట్టు ఊరు ఊరంతా నమ్మింది.

అమ్మ ఈ ఏడు కూడా రాదంట, దినారు రేటు పడిందంట అని నేను క్లాసులో చెబితే టీచరమ్మ అడిగారు: "ఎవురు చెప్పినారో కాదు, నువ్వు యాడ చూసినావో చెప్పు." అది ఆమె ఊతమాట. మేం గడ్డి తింటున్నామా అన్నంత కోపం వచ్చేది నాకు ఆ మాట వింటే.

జమ్మలమడుగు చర్చి రీడింగ్ రూములోని పాత పేపర్లన్నీ తిరగేసి, మా తరగతి గోడ మీద నీలం సుద్దతో ఆమె ఒక గీత మొదలుపెట్టారు. అడుగున నెలలు, పక్కన రూపాయలు, నెలకో చుక్క. ఉగాది, రంజాన్, క్రిస్మస్ నెలల కింద చిన్న నక్షత్రాలు. కువైట్‌లో యుద్ధం జరిగిన నెలల దగ్గర గీత తెగి ఉంటుంది. "అప్పుడు రేటే లేదు. లేనిదాన్ని నేను గీయను" అన్నారు. గీత అక్కడక్కడా తడబడింది గానీ పండగను చూసి ఎక్కడా దిగలేదు. ఏళ్లు గడిచేకొద్దీ పైకే పోయింది. ఈ సంగతి పిల్లల నోట ఇళ్లకు చేరింది. ఆ గీత చూడడానికి రెండు వీధుల ఆడవాళ్లూ బడి వరండాలో కలిసి నిలబడడం మా ఊరు మొదటిసారి చూసింది.

ఏజెంటు ఊరుకుంటాడా. ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని జీపులో దిగాడు. "పిల్లోళ్లకు పాఠాలు చెప్పుకోక ఈ లెక్కలు నీకెందుకు టీచరమ్మా?"

టీచరమ్మ తన చేతిలోని బెత్తం ఆయనకు అందించారు. "రాప్పా. పండగకు రేటు పడిందంటాండావు కదా, యాడ పడిందో ఈ గీతలో చూపించు. నేను తప్పు గీసింటే నీ చేత్తోనే దిద్దు."

ఆయన నక్షత్రాలన్నీ చూశాడు. బెత్తం ఎక్కడా ఆనలేదు. "పేపరోళ్లు ఏందో ఒకటి రాస్తారు" అన్నాడు చివరికి.

వరండాలోంచి మా అవ్వ అందుకుంది. "అయితే నువ్వు యాడ చూసినావో చెప్పప్పా."

రెండు వీధుల ఆడవాళ్లూ కలిసి నవ్విన ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఏజెంటు బెత్తం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ నెల నుంచి గోడ మీది రేటే ఇచ్చాడు. ఆ తర్వాత తనే బడి ముందు జీపాపి, కిటికీలోంచి గోడ చూసుకుని పోయేవాడు. భయం వేయలేదా అని నేనడిగితే టీచరమ్మ, "వేయలేదని ఎవురన్నారు? భయపడుకుంటానే గీసినా" అన్నారు.

అమ్మ అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. పులివెందుల నుంచి బోరు బండి వచ్చింది. నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచినప్పుడు అందరం తడిశాం, టీచరమ్మ తప్ప. ఆమె దర్జాగా గొడుగు విప్పుకుని నిలబడ్డారు. ఆ గొడుగు తడవడం నేను చూసింది ఆ రోజే. మా బతుకు నిలబెట్టిన మనిషి ఆమె. ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియదు.

రిటైరైనా నెలకోసారి వచ్చి చుక్క పెట్టి పోయేవారు. సున్నం కొట్టేవాళ్లు ఆ గోడ జోలికి పోలేదు. ఈ నెల చుక్క పెట్టకుండానే వెళ్లిపోయారు.

జమ్మలమడుగులో సమాధి చేసి అందరం నేరుగా బడికి వచ్చాం. ముసలివాడైన ఏజెంటు గుమ్మంలో నిలబడి, ఫోను చూసి ఈ రోజు రేటు చెప్పాడు. "యాడ చూసినావు?" అంది మా అమ్మ. ఆయన ఫోను ఆమె ముందు పెట్టాడు.

గీత ఎప్పుడో మా తలలు దాటిపోయింది. అమ్మ స్టూలు గట్టిగా పట్టుకుంది. నా సుద్దముక్క తీసుకుని దిగువ వీధి నుంచి వచ్చిన ఒకామె స్టూలెక్కి, మునివేళ్ల మీద లేచి, కప్పు కింద జానెడు దూరంలో చుక్క పెట్టి, పాత చుక్కతో కలిపింది.