తీగలు వదులు చేసి అమ్మిన గిటార్

ఏమర్రా, పొద్దుగూకితే చాలు, చుట్టూ చేరి కథలు చెప్పమంటారు. లావా ఎవరి ఇల్లు మింగిందో అడుగుతారు. సొరచేప ఎవరి కాలు పట్టిందో అడుగుతారు. పాస్టరు మరదలు ఎవరితో లేచిపోయిందో మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటారు. హెస్టర్ నహినూ గురించి ఒక్కరంటే ఒక్కరు నోరు తెరిచి అడిగారా? ఆవిడ ఎండబెట్టిన ఓపెలు చేపలు నమిలి పెరిగిన దవడలేగా మీవి! సరే, మీరు అడిగేదాకా ఆగితే చెప్పేవాళ్ళు ఉండరు. వినండి.

మన మిలోలీలో, లావా గడ్డకట్టిన నల్లరాతి మీద, సముద్రానికి ఎదురుగా హెస్టర్ ఇల్లు. ఊళ్ళో కుళాయిలు లేవు. కప్పు మీద పడ్డ వాన తొట్టెలోకి దిగితే ఆ నీళ్ళే తాగాలి, ఆ నీళ్ళే పోసుకోవాలి. ఆ ఏడు హెస్టర్ చెక్క తొట్టె అడుగు కుళ్ళిపోయింది. వాన వచ్చింది, తొట్టెలోకి దిగింది, కిందనుంచి సముద్రంలోకి పోయింది. అప్పటినుంచి అన్న కూతురు మోమీ పై రోడ్డు మీది పంపు దగ్గర డబ్బాలు నింపి, తన ట్రక్కులో ఆ వంకర దారంతా దింపుకొచ్చి పోసేది. మోమీకి నలభై దాటాయి. స్కూలు బస్సు నడిపేది. భుజాలు మగాడి భుజాలు, నోరు అంతకన్నా పెద్దది.

"ఆంటీ, కొత్త తొట్టె కొనకపోతే నేనే నడుం విరిగి ఇక్కడే పడుంటా. అప్పుడు నాకు కూడా నువ్వే నీళ్ళు తెచ్చిపొయ్యాలి," అంది ఒకరోజు.

"తొట్టెకి డబ్బేది? గిటార్ అమ్ముదాం," అంది హెస్టర్, చేప పొట్ట చీలుస్తూ.

మోమీ చేతిలో డబ్బా కిందపడింది. సగం నీళ్ళు పోయాయి.

"తాతయ్య గిటారా?"

"ఇంకెవరి గిటార్ ఉంది ఇంట్లో? చెక్క అమ్ముతానన్నా, మీ తాతని అమ్ముతానన్లేదు. ముందు ఆ నీళ్ళు చూసుకో."

ఇక్కడ సాలొమన్ గురించి చెప్పాలి. హెస్టర్ తండ్రి. మన దీవిలో పాతవాళ్ళు గిటార్ తీగల్ని వదులు చేసి తమకు నచ్చిన శ్రుతికి తెచ్చుకునేవాళ్ళు, ఏ ఇంటి శ్రుతి ఆ ఇంటిది. సాలొమన్ శ్రుతిలో ఒక్క గిటార్ మోగుతుంటే ఇద్దరు వాయిస్తున్నట్టుండేది. ఆ శ్రుతిని ఆయన కాపలా కాసినట్టు ఎవరూ పెళ్ళాన్ని కూడా కాపలా కాయలేదు. రాళ్ళ మీద చెప్పుల చప్పుడైతే చాలు, పాట మధ్యలో ఉన్నా బిరడాలు గిర్రున తిప్పి తీగలన్నీ వేలాడేసేవాడు. విందుల్లో గోడవైపు తిరిగి వాయించేవాడు. తినడానికి లేస్తే తీగలు వదులు చేసి మరీ లేచేవాడు. "ఈయన లాగూ బొందు కూడా ఇంత జాగ్రత్తగా చూసుకోడు," అనేది ఆయన భార్య.

కొడుకు ఎలైయాస్‌కి నేర్పాడు. వాడు వారం తిరక్కుండా రెండు బీరు సీసాలకి ఆ శ్రుతిని కొండ మీది పశువులకాపరికి చెప్పేశాడు. సాలొమన్ ఏం చేశాడు? శ్రుతి మార్చేశాడు. కొత్తది హెస్టర్‌కి ఒక్కదానికే నేర్పాడు. ఆ ఎలైయాస్ కూతురే ఈ మోమీ. అందుకే హెస్టర్ గిటార్ చేతిలోకి తీసుకుంటే ముందు వచ్చే మాట, "మోమీ, బయటికి నడు." మోమీ నడిచేది.

సరే, అమ్మాలంటే ఎంత వస్తుందో తెలియాలి. హెస్టర్ ముందు పాస్టరుని అడిగింది. ఆయన కళ్ళు మూసుకుని, "సాలొమన్ గిటార్‌కి వెల కట్టలేం, సిస్టర్," అన్నాడు.

"కట్టలేకపోతే తప్పుకోండి, కట్టేవాణ్ణి అడుగుతా."

కోనా టౌన్లో తాకట్టు కొట్టువాడు వెల కట్టాడు. వేలాడుతున్న తీగల్ని చూసి, "పాడైపోయింది కదా," అన్నాడు.

"పాడవలేదు. నోరు మూసుకుంది. నీకూ వచ్చా ఆ విద్య?"

అరవై డాలర్లన్నాడు. మోమీ దారిపొడుగునా అతని వంశాన్నంతా తిట్టింది. హెస్టర్ కిటికీలోంచి చూస్తూ కూచుంది.

చివరికి ఎవరో చెబితే హోలువలోవా కాఫీ తోటల్లో మియాగి అనే ముసలాయన దగ్గరికి వెళ్ళారు. ఆయన వాయిద్యాలు బాగుచేస్తాడు. మోమీ ముందురోజే గిటార్‌ని మెరిసేలా తుడుద్దామని నూనె సీసా తీసింది గానీ, హెస్టర్ చేతిమీద కొట్టింది. ఆ దెబ్బే వాళ్ళని కాపాడింది. మియాగి గిటార్‌ని ముట్టుకోకముందే, "ఎవరైనా పాలిష్ పెట్టారా? పెడితే సగం ధర అక్కడే పోయుండేది," అన్నాడు. మోమీ పక్కకి చూసింది.

ఆయన చిన్న అద్దం లోపలికి దూర్చి, దీపం పెట్టి చూశాడు. మెడ మీద ఉక్కు బద్ద ఆనించి చూశాడు. ముందు పలక మీద అరచెయ్యి పెట్టి, కడుపునొప్పి పిల్లాణ్ణి తడిమినట్టు తడిమాడు.

"అమ్మా, దీనికి ఎంత వయసు?"

"నాన్న కొన్నప్పుడు నేను పుట్టలేదు."

"ఇంత పాత గిటార్లకి తీగలు లాగీ లాగీ మెడ వంగిపోతుంది, ఇదిగో, ఇక్కడ పొట్ట ఉబ్బిపోతుంది. దీని మెడ కొత్తదానిలా ఉంది. బిరడాలు మాత్రం కుక్క నమిలినట్టున్నాయి. ఏం చేశారు దీన్ని?"

"మా నాన్న ఎవర్నీ నమ్మేవాడు కాదు," అంది హెస్టర్. "వాయించడం ఆపితే తీగలు వదిలేసేవాడు. నేనూ అంతే."

మియాగి చాలాసేపు తల ఊపాడు. "ఆ అపనమ్మకమే దీన్ని నిలబెట్టింది. మన దీవిలో పెరిగే కోవా చెట్టు చెక్క. ఐదు వేల డాలర్లకి ఒక్కటి తగ్గినా ఇవ్వకండి."

హెస్టర్ గిటార్‌ని దుప్పట్లో చుట్టుకుని, "ఐదు వేలకి ఎంత తొట్టె వస్తుంది?" అంది.

చిన్నది వస్తుంది. అందులో పట్టే నీళ్ళు ఎండాకాలం చివరిదాకా రావు. పెద్దది కావాలంటే ఎనిమిది వేలు.

కొనేవాణ్ణి మియాగే పంపాడు. హొనొలూలూలో పళ్ళ డాక్టరు, పేరు ప్రౌడీ. పాత గిటార్లు కొని గోడకి తగిలించుకుంటాడు. తెల్ల చొక్కాతో నల్లరాయి దాటుకుంటూ వచ్చి, చేపల వాసనకి ముక్కు ముడుచుకోకుండా కూచున్నాడు. ఆ మాత్రం మర్యాద ఉన్నవాడే. గిటార్‌ని తిప్పి తిప్పి చూసి, "ఒక్కసారి వాయిస్తారా, ఆంటీ? గొంతు వినకుండా కొనలేను," అన్నాడు.

"న్యాయమే. ఇద్దరూ బయటికి నడవండి."

మోమీ తిన్నగా ట్రక్కెక్కి, అద్దాలు పైకెత్తి, రేడియో పెట్టుకుంది. డాక్టరు కిటికీ కింద నిలబడ్డాడు. లోపల హెస్టర్ తీగలు బిగించి, తండ్రి శ్రుతికి తెచ్చి ఒక్క పాట వాయించింది. అయిపోగానే తీగలు వదిలేసి, "రండి," అంది.

డాక్టరు కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఎండ ఎక్కువగా ఉంది. చెమట," అంది హెస్టర్, తువ్వాలు అందిస్తూ.

"ఆంటీ, ఐదు వేలు గిటార్‌కి. ఇప్పుడు వాయించారే, ఆ శ్రుతిలోనే బిగించి ఇస్తే ఇంకో మూడు వేలు. నేను ఎవరికీ చెప్పను."

ట్రక్కులోంచి అప్పుడే వచ్చిన మోమీ ఆ మూడు వేల మాట విని గుమ్మంలోనే ఆగింది. హెస్టర్ లెక్కపెట్టినట్టు తీగల వైపు చూసింది. పెరట్లో కుళ్ళిన తొట్టె కనబడుతోంది. దాని పక్కన ఖాళీ డబ్బాలు.

"చూడు నాయనా. నువ్వు కట్టుడు పళ్ళు అమ్ముతావు. కొన్నవాడికి నీ నాలుక కూడా ఇస్తావా?"

"అది కాదు, ఆంటీ..."

"నాన్న ఉంటే మూడు వేలు తక్కువ అనేవాడు. నేను ఎంతైనా అమ్మనంటున్నా. ఐదు వేలు ఇచ్చి చెక్క తీసుకెళ్ళు. మోస్తున్నప్పుడు రాళ్ళకి తగిలించకు."

ఇచ్చాడు. తీగలు వేలాడుతున్న గిటార్‌ని చంటిపిల్లలా రెండు చేతులా ఎత్తుకుని పోయాడు. ఆయన కారు మలుపు తిరిగాక మోమీ ఒక్కమాటే అంది: "పెద్ద తొట్టె పోయింది."

"పోనీ."

చిన్న తొట్టె వచ్చింది. మొదటి ఎండాకాలం సగం కాకముందే అడుగు కనబడింది. మోమీ మళ్ళీ పై రోడ్డుకి ట్రక్కు తిప్పింది. బస్సులో పిల్లల్ని దించొచ్చి, యూనిఫాం కూడా విప్పకుండా, రెండు చేతుల్లో రెండు డబ్బాలతో వగరుస్తూ పెరట్లోకి వచ్చేది.

"చూసుకో ఆంటీ, మూడు వేల డాలర్ల శ్రుతి! నీ తలలో నువ్వు హాయిగా పెట్టుకున్నావు, నేను చేతుల్లో మోస్తున్నా. ఎంత బరువుందో తెలుసా? నా తలలో కూడా లేదు అది, నా చేతుల్లో ఉంది!"

హెస్టర్ చేపల మీద ఈగలు తోలుతూ విన్నది. మరుసటి ఆదివారం చర్చి అయిపోయాక పాస్టరు దగ్గర చర్చి గిటార్ అడిగి ఇంటికి తెచ్చింది. మోమీ దాన్ని చూడగానే అలవాటుగా గుమ్మం వైపు తిరిగింది.

"ఎక్కడికే?"

"బయటికి."

"తలుపెయ్యి. నువ్వు లోపలే ఉండు."

"ఆంటీ, నేను ఎలైయాస్ కూతుర్ని."

"తెలుసు. నీళ్ళు మోసేది కూడా నువ్వే. కూచో. ముందు అడుగు తీగ పట్టుకో. అంత గట్టిగా కాదు, అది బస్సు గేరు కాదు."

మోమీకి సులువుగా పట్టుబడలేదు. వేళ్ళు లావు, ఓపిక తక్కువ. హెస్టర్ రోజూ తిట్టింది, మోమీ రోజూ తిరిగి తిట్టింది. ఆ తిట్ల మధ్యలోనే నేర్చుకుంది. వాళ్ళు ప్రతిసారీ తీగలు వదిలేసి గిటార్ తిరిగి ఇస్తుంటే, దాన్ని మళ్ళీ బిగించుకోలేక పాస్టరు తలపట్టుకునేవాడు. అందుకు హెస్టర్ ఆయనకి వారం వారం ఎండుచేపలు పంపేది. ఆయన ఫిర్యాదు చెయ్యడం మానేశాడు.

మోమీ చేతిలో ఆ శ్రుతి పూర్తిగా మోగిన రోజు హెస్టర్ కళ్ళు మూసుకుని వింది. "మూడో తీగ ఇంకొంచెం కిందికి," అంది. అంతకుమించి మెచ్చుకోలేదు.

ఆ చలికాలంలోనే, వానలు మొదలయ్యాక, ఒక పొద్దున లేవలేదు. హెస్టర్ నహినూ పోయేనాటికి డెబ్బై ఆరేళ్ళు.