ఆదిబాబుకి కార్జం సందేహం

ఆదిబాబు నోటికి రెండే పనులు. ఒకటి తినడం, రెండోది అడగడం. మొదటిదాన్ని డాక్టరు కట్టేశాడు. రెండోదాన్ని కట్టేయడం ఎవరి తరమూ కాలేదు.

జంషెడ్‌పూర్ ఉక్కు కార్ఖానాలో కాంట్రాక్టు కింద క్రేను నడుపుతాడు. తాత శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మనవడు సోనారిలో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకుని, భార్య జగదాంబతో, కాలేజీలో చదివే కూతురు శైలజతో ఉంటున్నాడు. ముప్పై ఏళ్ళుగా షెడ్డు పైకప్పు కింద గాజు గదిలో కూర్చుని, కింద ఏ ఇనప రేకు ఎక్కడ లేచి ఎక్కడ దిగిందో చూడటమే అతని ఉద్యోగం. చూసినదల్లా ఎందుకలా అని అడగడం మాత్రం ఎవరూ జీతమివ్వని ఉద్యోగం. సేఫ్టీ మీటింగులో అతను చెయ్యెత్తితే అధికారి చేతి గడియారం చూసుకుంటాడు. కొక్కేనికి పసుపు రంగే ఎందుకెయ్యాలి, సైరన్ మూడుసార్లే ఎందుకు మోగాలి, ఇలాంటివి మొదలైతే టీ బ్రేక్ హరించుకుపోతుందని అందరికీ తెలుసు.

అలాంటి మనిషికి ఒక పొద్దున ఎడమ కాలి బొటనవేలు ఎర్రగా వాచింది. సేఫ్టీ బూటు ఎక్కలేదు సరికదా, దుప్పటి తగిలినా ప్రాణం పోయినంత పనయింది. ఆసుపత్రిలో రక్తం తీసి యూరిక్ యాసిడ్ తొమ్మిది దాటిందన్నారు. మాత్రలు రాసి, ఒక పథ్యం కాగితం చేతిలో పెట్టారు. కార్జం, మూత్రపిండాలు, మెదడు పూర్తిగా బందు. మేక మాంసం, చిన్న చేపలు బందుకి దగ్గర. పప్పులు, పాలకూర తగ్గించాలి. జగదాంబ ఆ కాగితాన్ని వంటింట్లో పొయ్యికి ఎదురుగా గోడకి అంటించింది.

అన్నిటికీ ఆదిబాబు తలూపాడు, కార్జానికి తప్ప. వాళ్ళ ఇళ్ళలో మాంసం వండిన రోజు కార్జాన్ని కూరలో కలపరు. మిరియాలు, ఉల్లిపాయ వేసి విడిగా వేయించి, ఇంటి మగమనిషి కంచంలో మొదట పెడతారు. ఎవరు పెట్టిన ఆచారమో ఎవరికీ తెలియదు, తప్పినవాళ్ళూ లేరు. కాసిడీహ్ దగ్గరి మాంసం కొట్టువాడు ప్రతి ఆదివారం ఆదిబాబు కోసం పావుకిలో కలేజీ పక్కన పెట్టి ఉంచేవాడు. ఆ ముక్క మీద అతనికి ఎంత ప్రీతంటే, వేలు నొప్పి తగ్గిన మూడో రోజే సందేహం మొదలైంది. కార్జం ఒంటికి మంచిదని చిన్నప్పటి నుంచి వింటున్నాం కదా, మంచిది చెడ్డదెలా అయింది? పథ్యంలో ఉన్నవాడు కొంచెమైనా తినొచ్చా, తినకూడదా?

ఆ ప్రశ్న పట్టుకుని ఊరు తిరిగాడు. మాంసం కొట్టువాడు, కలేజీ తింటేనే మనిషికి కలేజా, అంటే గుండెధైర్యం, ఉంటుందని హిందీలో భరోసా ఇచ్చాడు. అమ్ముకునేవాడు అలాగే అంటాడని దాన్ని ఆదిబాబు సగమే నమ్మాడు. షెడ్డులో పెద్దాయన ముసలయ్య మాత్రం, ఒంట్లోని విషమంతా కార్జమే పట్టి ఉంచుతుందనీ, దాన్ని తినడమంటే చెత్తబుట్ట తినడమేననీ తేల్చేశాడు. విషాన్ని విరిచేదీ విషాన్ని దాచేదీ ఒకటెలా అవుతుందని ఆదిబాబు ఎదురడిగితే, పెద్దాయన బీడీ వెలిగించుకుని అవతలకి పోయాడు. శైలజ ఫోన్లో చూసి, ఒక డాక్టరు తినమంటున్నాడనీ మరొకాయన వద్దంటున్నాడనీ, ఇద్దరూ తెల్లకోటులోనే ఉన్నారనీ హిందీలో చెప్పి చదువుకోవడానికి వెళ్ళిపోయింది. ఇంత తిరిగినా కార్జం సంగతి తేలలేదు.

ఇక్కడ జగదాంబ సంగతి కూడా చెప్పాలి. చెప్పుకునే మనిషి కాదు గనక మనమే చెప్పాలి. ఏడాదిగా ఆమెకి నెలనెలా రక్తం విపరీతంగా పోతోంది. గర్భసంచిలో గడ్డలున్నాయనీ ఆపరేషన్ చెయ్యాలనీ డాక్టరమ్మ చెప్పింది. కానీ ఒంట్లో రక్తం ఏడు పాయింట్ ఎనిమిదే ఉంది. పది దాటితే గాని మత్తు ఇవ్వరట. మూడు నెలలు మాత్రలు వేసుకుని, తిండి బాగా తిని రమ్మని, ఆమెకీ ఒక కాగితం ఇచ్చారు. ఆదిబాబు వేలు వాచింది ఆ వారంలోనే. ఇంట్లో హడావుడంతా వేలి చుట్టూ తిరిగింది.

మూడు నెలలయ్యాక మళ్ళీ రక్తం పరీక్ష చేశారు. ఏడు పాయింట్ ఒకటి. పెరగాల్సింది తరిగింది. డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి, ఇలా అయితే గుండెకి ప్రమాదమనీ, రెండు నెలల్లో పెరగకపోతే రక్తం ఎక్కించి ఆపరేషన్ చెయ్యాల్సి వస్తుందనీ, ఇంకా ఆలస్యం చేయడానికి వీల్లేదనీ చెప్పింది. మెట్లెక్కితే భార్య ఆయాసపడటం ఆదిబాబు చూస్తూనే ఉన్నాడు, వయసనుకున్నాడు.

తిండి సంగతి కనుక్కోమని వాళ్ళని పక్క గదికి పంపారు. అక్కడ రోగులకి పథ్యం చెప్పే మనస్వి అనే అమ్మాయి ఉంది. తెలుగమ్మాయే, వాళ్ళ నాన్న ఇక్కడే ఇంజనీరు. తెలుగు వినగానే ఆదిబాబుకి ప్రాణం లేచొచ్చింది. ఎంత భయంలో ఉన్నా పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు గనక, ముందు తన కార్జం సందేహమే అడిగాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. కుర్చీ ముందుకి జరుపుకుని ఓపికగా చెప్పింది.

కార్జంలో రక్తం పట్టడానికి కావాల్సిన ఇనుము దండిగా ఉంటుందట. విటమిన్లూ ఉంటాయట. విషాన్ని విరిచే పని చేస్తుందే గాని, అక్కడే మూటకట్టి దాచుకోదట. అయితే దానిలోనే, ఒంట్లోకెళ్ళి యూరిక్ యాసిడ్‌గా మారే సరుకు కూడా ఎక్కువేనట. అందుకని మంచిదా చెడ్డదా అని కార్జాన్ని అడిగితే లాభం లేదు, తినేవాళ్ళ ఒంటిని అడగాలి. ఆదిబాబుకి వద్దు. జగదాంబకి కావాలి. వారానికి రెండుసార్లు చిన్న గిన్నెడు, బాగా ఉడికించి, పైన నిమ్మరసం పిండుకుని. మంచిదన్నారని రోజూ మాత్రం వద్దు, విటమిన్ ఎ ఎక్కువైతే అదో తంటా. కార్జం తింటున్నాం కదా అని మాత్రలు మానడం అసలు కుదరదు.

ఎన్నాళ్ళకో సందేహం తీరిందని ఆదిబాబు మొహం విచ్చుకుంది. అప్పుడు మనస్వి, ఇన్నాళ్ళూ ఆవిడ ఏం తింటున్నారని అడిగింది.

"నానేటి తింటే అదేనమ్మా. ఒకే పొయ్యి, ఒకే కుండ," అన్నాడు ఆదిబాబు.

మూడు నెలల కిందట ఆవిడకిచ్చిన కాగితం ఏదని అడిగింది. బీరువాలో చీరల కింద భద్రంగా ఉందని జగదాంబ చెప్పింది. మరి దేన్ని చూసి వండుతున్నారంటే, గోడకున్నదాన్ని చూసి అంది. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆయన కాగితంలో కార్జం వద్దని ఉంది, ఇంట్లోకి రావడం మానేసింది. పాలకూర తగ్గించమని ఉంది, జగదాంబ పూర్తిగానే తగ్గించింది. పప్పు పలచన చేసింది. మాంసం మాట లేదు. పొద్దున్న వేసుకోవాల్సిన ఇనుము మాత్ర టీతో వేసుకుంటోంది. టీతో వేసుకుంటే ఆ ఇనుము సరిగ్గా ఒంటికి పట్టదని ఎవరూ చెప్పలేదో, చెప్పినా ఈవిడ వినలేదో.

మనస్వి కోప్పడలేదు. "ఇది మీ పథ్యం కాదండీ. మీ ఆయనది. మీరు చేస్తున్నారు," అంది.

ఇంటికొచ్చే దారిలో సిగ్నల్ దగ్గర స్కూటర్ ఆపినప్పుడు ఆదిబాబు వెనక్కి తిరిగి అడిగాడు.

"నా ఏలు వాత్తే నువ్వు పాలకూర ఎందుకు మానీసావే?"

"మీరు నోరు కట్టుకుని కూకుంటే నా ఒక్కదానికీ వేరే వండుకుంటానేటి? బాగుంటాదా?" అంది జగదాంబ, అడగాల్సిన మాటేనా అన్నట్టు.

పచ్చ దీపం పడింది, వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు.

ఆదివారం ఆదిబాబు కాసిడీహ్ వెళ్ళాడు. కాలు బాగుపడిందా అని కొట్టువాడు సంబరపడితే, నాకు కాదు, ఇంట్లో ఆవిడకి అని చెప్పి పావుకిలో తెచ్చాడు. అమ్మ ఎలా చేసేదో గుర్తు తెచ్చుకుంటూ తనే వేయించాడు. జగదాంబ రెండుసార్లు గరిటె లాక్కోబోయింది, ఇవ్వలేదు. ఆ వాసనకి నోట్లో నీళ్ళూరాయి, అబద్ధమెందుకు, చాలా ఊరాయి. ఇంట్లో మగమనిషి తినందే ఆమె కంచం ముందు కూర్చోదని తెలుసు గనక, పదకొండు గంటలకే తన సొరకాయ కూరా అన్నం తినేశాడు.

"నా బోయినం అయిపోనాది. ఇంక నువ్వు కూకో."

ఎంగిలి కంచం చూపించాక ఆమెకి వేరే సాకు దొరకలేదు. కూర్చుంది. అతను కంచంలో ముక్కలు వేసి నిమ్మకాయ పిండాడు. జగదాంబ ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"ఎలాగున్నాది?"

"ఇలాగుంటాదనుకోనేదు," అంది.

అతనికి వెంటనే అర్థం కాలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రతి ఆదివారం ఈ ఇంట్లో కార్జం వేయించిన మనిషి ఆమె.

"ఏటే, నువ్వెప్పుడూ తిననేదా?"

"మీకే సరిపోయీది కాదు గదా. ఏయించిన బూకులో మసాలా ఉండీది, అన్నం కలుపుకునీదాన్ని."

నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పింది. ముప్పై ఏళ్ళు పైనుంచి ప్రతి రేకూ ఎక్కడ దిగుతుందో చూసిన మనిషికి, ఎదురుగా ఉన్న కంచంలో ఏం దిగుతోందో కనబడలేదు. ఆదిబాబుకి సిగ్గేసింది. భయం కూడా వేసింది. రెండు నెలల తర్వాత పరీక్షలో ఆ అంకె ఎంతకి వస్తుందో తెలియదు. వారానికి రెండు గిన్నెల కార్జం ముప్పై ఒక్క ఏళ్ళని పూడుస్తుందా అని మనస్విని అడగలేదు, అడిగినా ఆ పిల్ల మాత్రం ఏం చెబుతుంది. కళ్ళలో నీళ్ళు కనబడకుండా పొయ్యి వైపు తిరిగి, ఆరిపోయిన మంటనే మళ్ళీ ఆర్పాడు.

వెనక కంచం నేల మీద జరిగిన చప్పుడైంది. తిరిగి చూస్తే జగదాంబ కంచం ఖాళీ. వడ్డించడమే గాని వడ్డించమనడం అలవాటు లేని మనిషి, తల ఎత్తకుండా, కంచాన్ని వేళ్ళతో కొంచెం ముందుకి తోసింది.

"ఇంకో రెండు ముక్కలెయ్యండి," అంది.