మర తిప్పినవాడి పిడికెడు

నా చిన్నప్పుడు బందరు చిలకలపూడిలో మా ఇంటి అరుగు మీద కాఫీ మర ఉండేది... బల్లకి బిగించిన ఇనప మర. మా వీధి మొత్తానికి అదొక్కటే.

పొడి కొనుక్కొచ్చే అలవాటు అప్పట్లో మా వీధిలో లేదు. పచ్చి గింజలు తెచ్చుకుని ఎవరింట్లో వాళ్ళు మూకుట్లో వేయించుకునేవారు. చల్లారాక గిన్నెలో పోసుకుని మా అరుగెక్కేవారు. తిప్పేది నేను. మా అమ్మ డబ్బులు తీసుకునేది కాదు. మర తిప్పినవాడి పిడికెడు గింజలు... అదీ కూలి. మరలో పోయకముందే గిన్నెలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి రేకు డబ్బాలో వేసేవాణ్ణి.

మా ఇంట్లో కాఫీ గింజలు కొన్న గుర్తు నాకు లేదు. ఆ డబ్బాలోవే మా కాఫీ. అడుక్కున్నవి కావు... రెక్కలు లాగేసేలా తిప్పి సంపాదించినవి. అప్పట్లో ఒకరిద్దరు వేరేగా అనుకునేవారు గనక ఈ మాట చెబుతున్నాను.

ఎదురింటి రత్తమ్మత్త అయితే మొహం మీదే అనేసేది.

"వదినా, మీ పెద్దోడి చెయ్యి రోజురోజుకీ పెరిగిపోతోంది. ఇకనుంచి చిన్నోడి చేత తిప్పించు."

"చిన్నోడు తిప్పితే నీ గింజలు రేపటికి గానీ నలగవు. అప్పటిదాకా కాఫీ లేకుండా ఉంటావా?" అనేది మా అమ్మ.

"అమ్మో, ఉండలేను. పెద్దోడే తిప్పనీ" అని అక్కడే చతికిలబడేది.

రత్తమ్మత్తకి మాటలెక్కువ. గింజలు పొయ్యి మీద పెట్టి పక్కింటివాళ్ళతో కబుర్లలో పడేది. ఎప్పుడూ మాడ్చేది. ఆవిడ గింజలు బొగ్గుల్లా ఉండేవి. గుమాస్తా గారింట్లో గుండ్రటి రకం, ఎర్రగా వేయించేవారు. చివరింటివాళ్ళవి చౌకవి... విరిగిన ముక్కలు. అన్నీ మా డబ్బాలోనే పడేవి. అమ్మ ఏదీ ఏరి పారేసేది కాదు.

బడికి వెళ్ళింది తక్కువ నేను. గిల్టు నగల పనిలో పడ్డాను... అందులోనే ముసలివాణ్ణయ్యాను. అక్షరాలు కూడబలుక్కుని రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఈ వానల్లో మా ఆవిడకి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ నోటికి రుచి పోయింది. అన్నం కెలికి లేచిపోతుంది. మనిషి సగమైంది. ఇష్టమైంది ఏదైనా సరే, ముందు నోట్లోకి వెళ్ళనివ్వండి అన్నాడు డాక్టరు. ఏం కావాలో చెప్పవే అంటే "అత్తమ్మ కాఫీ" అంది. తను కాపురానికి వచ్చేనాటికి మర ఇంకా తిరుగుతూనే ఉంది లెండి.

అప్పట్నుంచీ నాకు ఇదే పని... అటక మీంచి మరని, ఆ రేకు డబ్బాని దించాను. తుప్పు గీకి, నూనె పెట్టి, మరని బల్లకి బిగించాను. గుడివాడలో ఉన్న మా అల్లుడు వచ్చినప్పుడల్లా ఒక్కో రకం వేయించిన గింజల పొట్లం తెచ్చాడు. అరకు... చిక్కమగళూరు... కూర్గు... ఒక్కో పొట్లం మీద ఇంతేసి కథ.

"ఇది చాలా మంచి రకం మావయ్యగారూ. పండు వాసన వస్తుందంటండీ."

"పండు వాసన కావాలంటే పండే తింటాం కదయ్యా."

పాపం, ఏమీ అనుకోలేదు. మళ్ళీసారి ఇంకో రకం తెచ్చాడు.

ఒక్కోటీ ఆడించి, డికాషన్ దింపి, పాలు కలిపి ఇచ్చేవాణ్ణి. ఒక గుక్క తాగి, "బాగుంది" అని గ్లాసు కింద పెట్టేసేది. మా ఆవిడ అలా బాగుంది అందంటే ఇంక ముట్టదు. చల్లారిన కాఫీ పారబోసి పారబోసి విసుగొచ్చింది. చేతులు లాగేస్తున్నాయి... నగలకి మెరుగు పెట్టి పెట్టి వంకర్లు తిరిగిన వేళ్ళు ఇవి. మానేద్దామనిపించింది. మానేస్తే ఆవిడకి ఇంకేం పెట్టను...

మొన్న మరలో గింజలు పోస్తుంటే మంచం మీంచి అడిగింది.

"పోసినప్పుడల్లా పిడికెడు తీసి ఆ డబ్బాలో వేస్తున్నారు. ఎవరికి కూలి?"

అప్పటిదాకా నేను చూసుకోలేదు. ఆ చేతికి అదే అలవాటు... తీసి వేసేసింది. డబ్బాలో చూస్తే అన్ని రకాలూ కలిసిపోయి ఉన్నాయి. అచ్చం మా అమ్మ డబ్బాలాగే.

ఆ కలగలుపు గింజలు ఆడించి ఇచ్చాను. గుక్క తాగింది... గ్లాసు కింద పెట్టలేదు. ఇంకో గుక్క... సగం గ్లాసు తాగింది. నేనేమీ అడగలేదు. అడిగితే ఆపేస్తుందేమోనని.

చివరికి తనే అంది... "దగ్గరికొచ్చింది. రత్తమ్మగారి మాడు వాసన ఒక్కటే తగ్గింది."

అదీ చూశాను. గింజల్ని మళ్ళీ మూకుట్లో వేసి మాడ్చాను. చేదు వచ్చింది గానీ ఆ వాసన రాలేదు. పని మరిచి కబుర్లలో పడితే మాడిన మాడు అది... మూకుడు ముందు కూర్చుని మాడిస్తే ఎక్కడ వస్తుంది. రత్తమ్మత్త పోయి చాలా ఏళ్ళయింది. మా వీధిలో ఇప్పుడు మూకుడు పెట్టేవాళ్ళు లేరు, గడపలో నిలబడి కబుర్లు చెప్పేవాళ్ళు లేరు. అందరింట్లోనూ అదే పొడి పొట్లం... అదే రుచి.

ఒకరి ముందు చెయ్యి చాచినవాణ్ణి కాదు నేను. ఇప్పుడూ చాచడం లేదు. బందరు చుట్టుపక్కల ఇంట్లో గింజలు వేయించుకునేవాళ్ళు ఎవరైనా మిగిలుంటే పట్టుకురండి, ఆడించి ఇస్తాను. మాడినా ఫర్వాలేదు... మాడితే మరీ మంచిది. దూరాన ఉన్నవాళ్ళు, మీ ఇంట్లో ఎలా వేయించేవారో రాయండి. మా ఆవిడకి చదివి వినిపిస్తాను.

కూలి పాతదే... తిప్పినవాడి పిడికెడు. భయపడకండి, నా పిడికిలి ఇప్పుడు పూర్తిగా మూసుకోదు. సగం గింజలు మీ గిన్నెలోకే జారిపోతాయి.